వీఓఆర్ ముల్లుకి విమానం ముక్కు కనపడదు

వీఓఆర్ అంటే నేల మీది రేడియో స్టేషన్ సిగ్నల్‌తో విమానానికి దారి చూపే పద్ధతి; కాక్‌పిట్‌లో దాని డయల్ మీద ఒక ముల్లు ఉంటుంది. దీన్ని నేర్చుకునేటప్పుడు నన్ను బాగా తిప్పలు పెట్టింది ఒకటే విషయం. ఆ ముల్లుకి విమానం ముక్కు ఎటు తిరిగి ఉందో తెలియదు. మనం స్టేషన్‌కి ఏ వైపున ఉన్నామో, అంతవరకే చెబుతుంది. ఇది బుర్రకెక్కితే సగం పని అయినట్టే.

ముందు స్టేషన్ ఫ్రీక్వెన్సీ పెట్టండి. 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. తర్వాత వాల్యూమ్ పెంచి మోర్స్ ఐడెంట్, అంటే మోర్స్ కోడ్‌లో స్టేషన్ పంపే తన గుర్తు, వినండి. మోర్స్ కంఠతా రావక్కర్లేదు, చార్టులో స్టేషన్ పేరు దగ్గరే చుక్కలూ గీతలూ వేసి ఉంటాయి. స్టేషన్ మరమ్మతులో ఉంటే ఐడెంట్ ఆపేస్తారు, ముల్లు మాత్రం కదులుతూనే ఉండొచ్చు. అందుకే ఐడెంట్ వినకుండా నేను ముల్లుని నమ్మను.

ఇప్పుడు ఓబీఎస్ నాబ్ (డయల్ మీద దిక్కుని డిగ్రీల్లో ఎంచుకునేది) తిప్పుతూ, ఫ్లాగ్ ‘టూ’ (స్టేషన్ వైపుకి; ‘ఫ్రమ్’ అంటే స్టేషన్ నుంచి బయటికి) చూపిస్తుండగా ముల్లుని మధ్యకి తెచ్చుకోండి. 090, అంటే తూర్పు, దగ్గర మధ్యకొచ్చిందనుకుందాం. అంటే మీరు స్టేషన్‌కి పడమరన, 270 రేడియల్ మీద ఉన్నారు. రేడియల్ అంటే స్టేషన్ నుంచి ఒక దిక్కుకి గీసిన గీత, ఎప్పుడూ స్టేషన్ నుంచి బయటికే లెక్క.

నేను తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. 270 రేడియల్ కదా అని నాబ్ మీద 270 పెట్టి, 090 హెడింగ్‌లో (ముక్కు 090 వైపు పెట్టి) స్టేషన్ వైపు వెళ్తున్నాను. ముల్లు ఎడమకి జరిగింది. నేనూ ఎడమకి తిరిగాను. అది ఇంకా ఎడమకి పోయింది! చెమటలు పట్టేశాయి. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ మాట్లాడకుండా ‘ఫ్రమ్’ ఫ్లాగ్ మీద వేలు పెట్టారు. నాబ్ 090కి తిప్పగానే ముల్లు కుడివైపుకి వచ్చింది. వెళ్లే దిక్కూ, నాబ్ మీద అంకే దాదాపు ఒకటిగా ఉంటేనే ముల్లు వైపు తిరగాలి.

గాలి పక్కకి తోస్తుంటే ముల్లు వైపు 20 డిగ్రీలు తిరగండి. మధ్యకి వచ్చాక పది డిగ్రీలే వెనక్కి తీసి, మిగతా పది గాలి కోసం ఉంచి చూడండి. చాలా వీఓఆర్ డయల్స్‌లో ఒక్కో చుక్క 2 డిగ్రీలు. 60 నాటికల్ మైళ్ల దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు ఒక మైలు కాబట్టి, అక్కడ ఒక చుక్క తేడా అంటే రెండు మైళ్లు పక్కకి పోయినట్టు.

స్టేషన్ దగ్గరపడే కొద్దీ ముల్లు గంతులేస్తుంది. దాని వెంట పడకండి, టెన్షన్ పడకండి. పట్టుకున్న హెడింగ్‌లోనే ఉండి, ఫ్లాగ్ ‘ఫ్రమ్’కి మారగానే టైమ్ రాసుకోండి.