జాకెట్ నుంచి బ్యాక్‌ప్లేట్ వింగ్‌కి మారేవాళ్ళ కోసం, హైదరాబాద్ నుంచి

స్కూబా డైవింగ్‌లో సిలిండర్ మోస్తూ గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్ బీసీడీ పక్కన పెట్టి, బ్యాక్‌ప్లేట్‌కి, అంటే వీపు మీద ఒక లోహపు ప్లేట్, దాని వెనక వింగ్ అనే గాలి సంచి ఉండే సెట్‌కి మారదామనుకునే ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఏ బ్రాండ్ కొనాలి అనే. నన్నడిగితే బ్రాండ్ సంగతి తర్వాత, ముందు ప్లేట్‌ని ఒంటికి కట్టే పట్టీ మీకు కుదరాలి, అది కుదరకపోతే ఎంత ఖరీదైన ప్లేట్ అయినా నీళ్ళల్లో వీపు మీద అటూఇటూ జారుతూనే ఉంటది.

ప్లేట్ గురించి మాత్రం ఒక్క మాట. స్టీల్‌ది రెండున్నర కిలోల పైనే ఉంటది, అల్యూమినియంది కిలో అటూఇటూ. మనకి డైవింగ్ అంటే ఎలాగూ ప్రయాణమే కదా, అండమాన్ అయితే ఫ్లైట్ ఎక్కాల్సిందే, చాలా టికెట్లకి చెకిన్ లగేజీ 15 కిలోలే, మునగడానికి కట్టుకునే సీసం బరువులు అక్కడ డైవ్ షాపువాళ్ళే ఇస్తారు కాబట్టి ఇక్కడ్నుంచి ఇనుము మోసుకెళ్ళడం దేనికి, అల్యూమినియం చాలు. మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి కార్లో పోయేవాళ్ళయితే స్టీల్ తీసుకోండి, నడుం మీద సీసం తగ్గుతది. వింగ్ సింగిల్ సిలిండర్‌కి 30 పౌండ్లది, అంటే 13 కిలోల పైచిలుకు బరువుని తేల్చేది, మన వేడి నీళ్ళకి బాగా సరిపోతది. ఇంకా పెద్దది కొంటే సిలిండర్ చుట్టూ మడుచుకుపోయి గాలి లోపల ఇరుక్కుంటది.

ఇక అసలు పని. రెండంగుళాల పట్టీ, ఒకటే ముక్క. మధ్యభాగం ప్లేట్ వెనక ఉంచి, రెండు చివర్లూ పై కంతల్లోంచి భుజాల మీదుగా తెచ్చి, కింది కంతల్లోంచి నడుం దగ్గరికి తీసుకోవాలి. కొత్త పట్టీ కర్రలా బిగుసుకుని ఉంటది, ఓపిక పట్టండి. వెట్‌సూట్ వేసుకునే కొలత చూడాలి, టీషర్ట్ మీద చూస్తే లెక్క తప్పుతది. మే నెలలో అయితే ఏసీ ఆన్ చేసుకుని మొదలుపెట్టండి, లేకపోతే డైవ్‌కి ముందే తడిసిపోతారు.

కొలత ఎలా తెలుస్తదంటే, చెయ్యి మెడ వెనక్కి పెడితే ప్లేట్ పైఅంచు వేళ్ళకి తగలాలి, ఛాతీ దగ్గర పట్టీ కింద అరచెయ్యి పరిచినట్టుగా దూరాలి. సామాను తగిలించుకునే డీ రింగులు భుజం పట్టీల మీద చంకల ఎత్తులో ఉండాలి, ఎదురు చేత్తో అందేలా. ఎడమ నడుం మీద ఇంకోటి, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ప్రెషర్ గేజ్ తగిలించడానికి. బకిల్ సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త కుడికి జరపండి, లేకపోతే ప్లేట్ కింది నుంచి కాళ్ళ మధ్యగా ముందుకొచ్చే ఇంకో పట్టీ దానికే ఒరుసుకుంటది. ఆ పట్టీ ప్లేట్ పైకి జారకుండా పట్టుకోవాలి గానీ మిమ్మల్ని వంచేయకూడదు. మిగిలిన చివరలు అప్పుడే కత్తిరించకండి! రెండు మూడు డైవ్‌లయ్యాక కోసి, లైటర్‌తో అంచు కాల్చండి. బ్యాకప్ టార్చి భుజం పట్టీకి ఆనించి ఉంచడానికి రబ్బరు రింగులు కొనక్కర్లేదు, పంక్చర్ షాపులో పాత బైక్ ట్యూబ్ అడిగి రింగులుగా కోసుకోండి.

సిలిండర్ బెల్టు తడిపి బిగించాలి, పొడిగా బిగిస్తే నీళ్ళల్లో వదులైతది. బిగించాక ప్లేట్ పట్టుకుని పైకి లేపి ఊపి చూడండి, కదిలితే మళ్ళీ బిగించాలి.

ముందు ఇక్కడే స్విమ్మింగ్ పూల్లో వేసుకోండి, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటేనే. నీళ్ళ పైన తేలుతున్నప్పుడు వింగ్ నిండా నింపితే మొహం నీళ్ళల్లోకి తోస్తది, కొంచెం గాలి వదిలి వెనక్కి వాలండి. తల కిందికి ఉన్నప్పుడు గాలి తియ్యాలంటే వెనక కింది వాల్వ్ తాడు లాగాలి, అది చెయ్యి వెతుక్కోకుండా అందేదాకా ప్రాక్టీస్ చెయ్యండి. పూల్‌లో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు, మనిషీ సామానూ కలిపి 100 కిలోలనుకుంటే ఉప్పునీళ్ళకి ఇంకో రెండున్నర కిలోలు పడతయ్. అసలు పరీక్ష సిలిండర్‌లో 50 బార్ మిగిలినప్పుడు, 5 మీటర్ల దగ్గర వింగ్ ఖాళీగా ఉండి మీరు పైకి తేలకుండా ఆగాలి. వెయిట్ బెల్ట్ విడిగా కడితే కాళ్ళ మధ్య పట్టీకి పైన కట్టండి, లోపల కడితే అవసరానికి విప్పినా కింద పడదు.

ఇంకోటి, పడవ వాళ్ళకి జాకెట్లే అలవాటు, విప్పడానికి భుజం దగ్గర క్లిప్ కోసం వెతుకుతుంటారు. నీళ్ళల్లోకి దూకకముందే, "అన్నా, దీనికి క్లిప్‌లు ఉండవు, నడుం బకిల్ విప్పి ఒక భుజం జారిస్తే వచ్చేస్తది" అని చెప్పి ఒకసారి చేసి చూపించండి.