ఒంటె, లామా పిండాల తయారీ – 4వ పాఠం: సున్నా రోజు గొడవ

పోయిన పాఠానికి మీరు పంపిన చార్టులు చూశాను. సగానికి పైగా చార్టుల్లో "21వ రోజు మళ్లీ ఎద" అని ఉంది. ఇవాళ ల్యాబ్‌లోకి దిగుదామనుకున్నాను గానీ, ఈ 21ని వదిలించుకోకుండా ముందుకెళ్లి లాభం లేదు.

21 ఆవు లెక్క. దాటించినా దాటించకపోయినా ఆవులో అండం విడుదలవుతుంది. ఒంటెలో, లామాలో ఫోలికల్ (అండం ఉండే నీటి సంచి) పెరుగుతుంది, కొన్నాళ్లు నిలబడుతుంది, జత కట్టకపోతే కరిగిపోతుంది, ఇంకోటి లేస్తుంది. జత కడితేనే అండం బయటికొస్తుంది. మగదాని వీర్యంలోని ద్రవంలో ఉండే బీటా ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి, అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని ఎగదోస్తుంది. మనం బ్యూసెరెలిన్ అనే హార్మోన్ సూదితో అదే పని చేయిస్తాం. సూది ఎలా వేయాలో చెప్పను, అది మీకు వచ్చు. ఫోలికల్ సైజు మాత్రం చూసుకోండి: లామాకి కనీసం 7 మి.మీ., ఒంటెకి 10 దాటాలి. ఒంటెలో 20 దాటి ఉబ్బిపోయి, స్కాన్‌లో లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తుంటే ఇక దాని మీద సూది దండగ.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. సూది వేసిన రోజుని సున్నా అని రాయకండి. సున్నా అంటే ఫోలికల్ పగిలిన రోజు. ఒక్క రోజు తేడాకి ఇంత రాద్ధాంతమా అంటారా, చూడండి. దాత ఒంటెకి, అంటే పిండం ఇచ్చేదానికి, 1వ తేదీ పొద్దున 8కి సూది వేశారు. 30 గంటలు అటూ ఇటూగా, అంటే 2వ తేదీ మధ్యాహ్నానికి, ఫోలికల్ పగిలింది. పిండం గర్భసంచిలోకి దిగడానికి అక్కణ్నుంచి ఆరు, ఆరున్నర రోజులు. మీరు 1 నుంచి ఏడు లెక్కపెట్టి 8న పొద్దున్నే ఫ్లష్ చేశారు, అంటే పిండం కోసం గర్భసంచిని కడిగారు, పిండం ఇంకా అండనాళంలోనే ఉంది, ఫిల్టర్‌లోకి తేటనీళ్లు వచ్చాయి, "ఈ ఒంటె పనికిరాదు" అని రాశారు. ఒంటె తప్పేం లేదండీ! 9న చేసి ఉంటే అప్పటికే పెంకు విడిచి, నలిగిన బంతిలా మడతలు పడ్డ బ్లాస్టోసిస్ట్ (ఆ దశలోని పిండం) దొరికేదేమో.

ఆ పిండాన్ని కడుపులో మోయాల్సిన గ్రహీత దగ్గర ఇదే తప్పు ఇంకా ఖరీదు. చూడి లేకపోతే కార్పస్ లూటియం (ఫోలికల్ పగిలిన చోట ఏర్పడి చూడిని నిలబెట్టే గ్రంథి) పదో రోజుకల్లా కూలిపోతుంది, ఆలోపే పిండం తన ఉనికి తెలియజేయాలి. అందుకే నేను గ్రహీతకి దాత తర్వాత ఒక రోజుకి సూది వేస్తాను. అలా 9వ తేదీకి అది ఆరో రోజులో ఉంటుంది, పిండానికి టైం దొరుకుతుంది. దాతకంటే మూడు రోజులు ముందు వేస్తే ఆ రోజుకి పదో రోజు నడుస్తుంటుంది, పిండం ఎంత మంచిదైనా వృథా. పిండాన్ని పెట్టేది గర్భసంచి ఎడమ కొమ్ములోనే. ఈ జంతువుల్లో చూడి దాదాపు ఎప్పుడూ అక్కడే నిలుస్తుంది.

ఎప్పుడు పగిలిందో పట్టుకోడానికి ఆరు గంటలకోసారి స్కాన్ చేసే ఓపిక నాకు లేదు. 48 గంటలకి ఒక్కటి చేసి, పగిలిందని తేలితే వెనక్కి లెక్కేస్తాను. మొదట్లో ట్యాగ్ మీద ఒక్క తేదీ రాసి నేనూ మునిగాను. ఇప్పుడు నీలం పెన్నుతో "సూది", ఎర్ర పెన్నుతో "పగిలింది" అని రాస్తాను.

ల్యాబ్ గురించి ఇవాళ్టికి ఒక్క ముక్క. ఆవు అండం డిష్‌లో 24 గంటల్లో పండుతుంది, అంటే ఫలదీకరణకి సిద్ధమవుతుంది, ఒంటెకి 30 పైనే కావాలి. నాకైతే ఒంటెలోనే పండించడం ఇష్టం: సూది వేశాక 24–26 గంటల మధ్య, ఫోలికల్ పగలకముందే, స్కాన్ చూస్తూ అండాన్ని లాగేయడం. 2009లో దుబాయ్‌లో పుట్టిన మొదటి క్లోన్ ఒంటె ఇంజాజ్‌కి వాడింది కూడా ఇలా ఒంటెలోనే పండిన అండాన్నే. ఆలస్యమైతే అక్కడ ఖాళీ సంచే.

అభ్యాసం: లామాకి 5వ తేదీ సాయంత్రం 6కి సూది వేశారు, ఫోలికల్ 6 మి.మీ. 7న సాయంత్రం చూస్తే అలాగే ఉంది. 9న సాయంత్రం 6కి 9 మి.మీ. ఉంటే మళ్లీ వేశారు. 11న సాయంత్రానికి ఫోలికల్ లేదు. మొదటి సూది ఎందుకు పారలేదు? సున్నా రోజు 10వ తేదీయా, 11వ తేదీయా? ఫ్లష్ ఎప్పుడు? గ్రహీతకి సూది ఎప్పుడు? గంటలతో సహా రాయండి. తేదీ ఒక్కటే రాసిన చార్టు నేను చూడను.