డబ్బా సగం ఖాళీగా వస్తే తిప్పి పంపండి

రెండేళ్ల కింద మే నెలలో హనుమకొండలోని మా ల్యాబ్‌కి గోదావరి డెల్టా వైపు నుంచి చమురు బావి బురద వచ్చింది, అది ప్రమాదకర వ్యర్థమా కాదా తేల్చమని. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, సగమే నిండి ఉంది. ఐసు లేదు, కారు డిక్కీలో పడేసి తెచ్చారు. మూత తీయగానే గదంతా పెట్రోల్ బంకు వాసన. రిపోర్టులో మాత్రం బెంజీన్ (చమురులో ఉండే, ఇట్టే ఆవిరయ్యే విష రసాయనం) సున్నా! ఆ వాసనతోపాటే అదీ గాల్లో కలిసింది. అలాంటి డబ్బా వస్తే ఇప్పుడు నేను రిజిస్టర్‌లోనే ఎక్కించను.

బెంజీన్ కోసమైతే గాజు సీసా, టెఫ్లాన్ లైనింగ్ మూత. అంచుదాకా నింపాలి, పైన గాలి మిగలకూడదు. ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర తేవాలి. లోహాలకు వేరే సీసా. దానికి బురద గుంటలో నాలుగైదు చోట్ల తీసి కలపొచ్చు. బెంజీన్ సీసాకు మాత్రం కలపడాలు వద్దు, కలిపితే ఎగిరిపోతుంది.

కొత్తగా చేరిన పిల్లలు ముందే టీసీఎల్‌పీకి (వ్యర్థంలోంచి విషాలు ఎంత బయటికి కారతాయో చూసే పరీక్ష) ఎగబడతారు. ముందు తేలికైనవి కానివ్వండి. పీహెచ్ 2 లేదా తక్కువ, 12.5 లేదా ఎక్కువ వస్తే అది తాకినదాన్ని తినేసే రకం. నూనె పొర పట్టి పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్ మొరాయిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బఫర్‌లో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణం) మళ్లీ చూసుకోండి. మూసిన కప్పులో ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పంటుకునే వేడి) 60 డిగ్రీల లోపుంటే మండే రకం. సల్ఫైడ్ అనుమానం ఉంటే యాసిడ్ చుక్క ఫ్యూమ్ హుడ్‌లోనే (గ్యాసుల్ని బయటికి లాగేసే గూడు) వేయాలి. కుళ్లిన గుడ్డు వాసన ఆగిందని ధీమా పడకండి, అప్పుడొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు ముక్కునే మొద్దుబారుస్తుంది.

ఇక టీసీఎల్‌పీ. 5 గ్రాముల బురదను 96.5 మిల్లీలీటర్ల నీళ్లలో 5 నిమిషాలు కలిపి పీహెచ్ చూడండి. 5 లోపైతే పీహెచ్ 4.93 ఉన్న ద్రావణం వాడాలి. దాటితే 3.5 మిల్లీలీటర్ల 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి, 50 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచి, చల్లారాక చూడండి. అప్పుడూ దాటితేనే పీహెచ్ 2.88 ద్రావణం. బురద బరువుకు 20 రెట్ల ద్రావణం పోసి, నిమిషానికి 30 చుట్ల చొప్పున 18 గంటలు తిప్పాలి. గది 23 డిగ్రీలు ఉండాలి, రెండు అటూ ఇటూ. మన దగ్గర అసలు టెన్షన్ ఇదే. రాత్రి కరెంటు పోతే ఇన్వర్టర్ మీద టంబ్లర్ (సీసాల్ని తిప్పే యంత్రం) తిరుగుతూనే ఉంటుంది, ఏసీ ఉండదు. పొద్దున థర్మామీటర్ 31 చూపిస్తే మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. బెంజీన్‌కి ఈ సీసా పనికిరాదు, గాలి చొరబడని జీరో హెడ్‌స్పేస్ పాత్ర కావాలి. అందులో వాడేది 4.93 ద్రావణమే.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల షెడ్యూల్ 2 ప్రకారం లీటరుకు బెంజీన్ 0.5, సీసం 5, బేరియం 100 మిల్లీగ్రాములు హద్దు. బావి తవ్వేటప్పుడు వాడే డ్రిల్లింగ్ మడ్‌లో బరైట్ (బేరియం ఖనిజం) వేస్తారు కాబట్టి మొత్తం బేరియం అంకె చూస్తే గుండె ఆగుతుంది. కానీ బరైట్ దాదాపు కరగదు, లీచేట్‌లో, అంటే తిప్పాక ఆ ద్రావణంలోకి వచ్చిందే లెక్క.

చమురు బావి పైపుల లోపలి పెచ్చుల్లో రేడియం (రేడియేషన్ వెదజల్లే లోహం) ఉండొచ్చు. సంచి విప్పకముందే రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ పెట్టి చూడాలి. మా దగ్గర ఆ మీటర్ లేదు, అందుకే పెచ్చులు మేం తీసుకోం.