ఎదిగే మెదడు రక్తనాళాల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చర్యను చూసే పద్ధతి

రక్తానికీ మెదడుకూ మధ్య అవరోధం ఏర్పడే దశలో కేశనాళికల లోపలి గోడను ఏర్పరచే ఎండోథీలియల్ కణాల్లో కొన్ని ఎంజైముల చర్య పెరుగుతుంది. వాటిలో రంగు ద్వారా తేలికగా చూడదగినది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. ఇక్కడ వివరిస్తున్నది చిట్టెలుకల మెదడుపై చేసే పద్ధతి; దీనికి సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ముందుగానే ఉండాలి.

మెదడును తీసిన వెంటనే, లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరచిన ఐసోపెంటేన్‌లో గడ్డకట్టించి, క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన కణజాలాన్ని పలుచగా కోసే యంత్రంలో) 10 నుంచి 20 మైక్రాన్ల మందాన కోయాలి. వేర్వేరు వయసుల కోతలను ఒకే స్లైడుపై పక్కపక్కన ఉంచాలి. వేర్వేరు రోజుల్లో రంగు వేసిన స్లైడ్లను పోల్చి చర్య పెరిగిందనడం సరికాదు. ఆపై చల్లని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో కొద్ది నిమిషాలు మాత్రమే ఉంచాలి, ఎక్కువసేపు ఉంచితే ఎంజైమ్ చర్య తగ్గిపోతుంది.

బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) దగ్గరే చాలామంది ప్రయోగం చెడుతుంది. అలవాటుగా వాడే ఫాస్ఫేట్ సెలైన్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ చర్యలో విడుదలయ్యేది ఫాస్ఫేటే కాబట్టి అది ముందే ఉంటే ఎంజైమును అడ్డుకుంటుంది. చర్య జరిగే చోట జింకు, మెగ్నీషియం అయాన్లు ఉండాలి గనుక, వాటిని లాగేసే ఈడీటీఏ అనే రసాయనాన్ని రంగు తేలేవరకు దరిచేరనివ్వకూడదు. పీహెచ్ 9.5 ఉన్న 100 మిల్లీమోలార్ ట్రిస్‌లో 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 50 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ కలిపి, స్లైడ్లను దానితోనే బాగా కడగాలి.

తర్వాత అదే బఫర్‌లో ఎంజైమ్ పనిచేసిన చోట ముదురు ఊదా రంగునిచ్చే బీసీఐపీ, ఎన్‌బీటీ అనే రసాయనాలు కలిపి, చీకట్లో ఉంచి, కొన్ని నిమిషాలకోసారి మైక్రోస్కోపులో చూడాలి. కార్టెక్స్‌లోకి (మెదడు పైపొరలోకి) దిగే నాళాల గోడ వెంబడి ముదురు ఊదా గీతలు తేలగానే ఈడీటీఏ ఉన్న ద్రావణంతో ఆపి, గ్లిసరాల్ ఆధారిత మాధ్యమంతో కవర్‌స్లిప్ వేయాలి. పక్క కోతలో ఈ ఎంజైమును అడ్డుకునే లెవమిసోల్‌ను సుమారు 1 మిల్లీమోలార్ కలిపితే రంగు దాదాపు రాకూడదు. వస్తే అది ఈ ఎంజైముది కాదు.

ఫలితాన్ని చదవడంలో తొందర పనికిరాదు. పిండంలో నాడీకణాలకు మూలమైన కణాల్లోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది, అందుచేత నాళాల బయట కనిపించే రంగంతా మురికి కాదు. పెరిగిన మెదడులో ధమనికలు, కేశనాళికలు రంగు పట్టినా సిరికలు (చిన్న సిరలు) దాదాపు పట్టవు, అందువల్ల నాళాల మొత్తం లెక్కకు దీన్ని వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎంజైమ్ కనిపించినంత మాత్రాన అవరోధం మూసుకుందనలేము. చిట్టెలుక కార్టెక్స్‌లో ట్రేసర్ (నాళాల్లోకి ఎక్కించి, బయటికి కారుతుందేమో చూసే పదార్థం) లీకు పిండ దశ సుమారు 15వ రోజుకు ఆగుతుంది కాబట్టి, అదే వయసు జంతువులకు ట్రేసర్ ఎక్కించి, ఆ కోతలను రంగు వేసిన కోతల పక్కన పెట్టి చూడాలి.