పిల్లాడిని సైకియాట్రీ (మానసిక వైద్యం) ఓపీకి తీసుకెళ్లాలంటే

నిద్ర పట్టక, అన్నం సయించక, బడి అంటేనే ఏడుస్తూ రెండు మూడు వారాలైనా పిల్లలు మామూలుగా అవ్వట్లేదంటే గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోకండి. కట్టించుకుంటే కట్టించుకోండి, ఎవరూ వద్దనరు, కానీ డాక్టర్‌కి చూపించండి.

ముందు 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 2022లో కేంద్రం పెట్టింది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, ఏ టైములో అయినా. తర్వాత నెల్లూరు వాళ్లయితే దర్గామిట్ట పెద్దాసుపత్రి, ఒంగోలు వాళ్లయితే రిమ్స్. ఓపీ చీటీ రాయించేటప్పుడు సైకియాట్రీ అని గట్టిగానే చెప్పండి, సిగ్గుపడి తలనొప్పి అని చెబితే ఇంకో గదికి పంపుతారు, పొద్దంతా అక్కడే పోతుంది.

ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు పడుకుంటున్నారు, టీచర్ ఏమంటున్నారు, ఇంతకుముందు వాడిన మందులేంటి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. టీనేజ్ పిల్లలైతే కాసేపు డాక్టర్‌తో ఒంటరిగా వదిలేసి మీరు బయట కూర్చోండి, వచ్చాక "ఏం చెప్పావురా" అని గుచ్చి గుచ్చి అడక్కండి. మందులు రాస్తే, నాలుగు రోజులకే బాగుందని మీ అంతట మీరు ఆపొద్దు.

చచ్చిపోతానని అంటే మాత్రం ఓపీ దాకా ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా, ఇంట్లో పురుగుల మందు డబ్బాలు తీసేసి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, బండి లేకపోతే 108.