కుటుంబంతో ద్వీప విహారం – పాఠం 3: ప్యాకేజీ ధరను విప్పి చూడటం

గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. పిల్లలకు ఆగస్టు, సెప్టెంబరులోనే సెలవులు దొరికే కుటుంబం కరీబియన్ వైపు వెళ్లాలనుకుంటే ముందుగా ఏ దీవులను చూడాలన్నది ప్రశ్న. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు దాకా వాటి ఉద్ధృతి ఎక్కువ. అందుకే తుపాన్లు సాధారణంగా పట్టే దారికి దక్షిణంగా, వెనెజువెలా తీరానికి దగ్గరగా ఉన్న అరుబా, బొనైర్, కురసావ్ దీవులను ముందు చూడాలి. అక్కడికి తుపాను అసలు రాదని కాదు, రావడం అరుదు. జవాబు పక్కనే ‘ప్రయాణం రద్దయితే ఎంత వెనక్కి ఇస్తారు?’ అని రాసుకున్నవారికి పాఠం బాగా వంటబట్టినట్టే.

నెల, ప్రాంతం తేలాయి కనుక ఇక ధర సంగతి చూద్దాం. ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు ఏ రిసార్టు ప్యాకేజీనైనా చూసి, ఇంటి నుంచి బయల్దేరి మళ్లీ ఇంటికి చేరేదాకా కుటుంబానికి మొత్తం ఎంతవుతుందో ఒక కాగితం మీద లెక్క తేల్చగలగాలి. ‘రాత్రికి ఇంత’ అని ప్రకటనలో పెద్దగా కనిపించే అంకె ఆ కాగితంలో మొదటి వరుస మాత్రమే. మిగతా వరుసలు రిసార్టువారు రాసి ఇవ్వరు, మనమే నింపుకోవాలి.

అన్నీ ఒకే ధరలో కలిపి అమ్మే ‘ఆల్ ఇన్‌క్లూజివ్’ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది క్లబ్ మెడ్ అనే విహార సంస్థ. దాని స్థాపకుడు గెరార్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో, అల్కూడియా దగ్గర గుడారాలు వేసి మొదటి విడిదిని నడిపాడు. ఆ సంస్థ విడిదుల్లో భోజనం, ఆటలు ధరలో కలిసే ఉండేవి కానీ, బారులో పానీయాలకు మాత్రం డబ్బిచ్చి కొనుక్కున్న రంగు పూసలతో చెల్లించే పద్ధతి చాలాకాలం నడిచింది. పూసల దండ మెడలో ఉంటే ఖర్చు చేస్తున్నట్టే అనిపించదు. ఇప్పుడు ఆ పని చేతికి కట్టే పట్టీ, గది నంబరు మీద పెట్టే సంతకం చేస్తున్నాయి. ఏ ప్యాకేజీకైనా ఒక గీత ఉంటుంది. ఆ గీతకు ఇవతల ఏమున్నాయో, అవతల ఏమున్నాయో బుకింగుకు ముందే తెలుసుకోవడమే ఈ పాఠంలో మనం నేర్చుకునే పని.

భోజనం, పానీయాలు

గది మాత్రమే, గదితో పాటు అల్పాహారం, హాఫ్ బోర్డ్, ఫుల్ బోర్డ్, ఆల్ ఇన్‌క్లూజివ్ అని హోటళ్లు మెట్లు మెట్లుగా అమ్ముతాయి. హాఫ్ బోర్డ్‌లో అల్పాహారంతో పాటు మరో పూట, సాధారణంగా రాత్రి భోజనం ఉంటుంది. ఫుల్ బోర్డ్‌లో మూడు పూటలా భోజనం పెడతారు. దీనికీ ఆల్ ఇన్‌క్లూజివ్‌కీ అసలు తేడా పానీయాల దగ్గర వస్తుంది. ఎండలో ఆడుతున్న పిల్లలు గంటకోసారి అడిగే పండ్లరసం, ఐస్‌క్రీం, కొన్నిచోట్ల సీసా నీళ్లు కూడా ఫుల్ బోర్డ్‌లో బిల్లుకెక్కుతాయి.

ఏది ఎంచుకోవాలన్నది దీవిని బట్టి తేల్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. మాల్దీవుల్లో చాలావరకు ఒక దీవిలో ఒకే రిసార్టు ఉంటుంది. బయట అంగడి ఉండదు, మరో భోజనశాల ఉండదు, దాహం వేస్తే రిసార్టు చెప్పిన ధరే ధర. అలాంటి చోటికి పిల్లలతో వెళ్లేవారు ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోవడమే మంచిది. మారిషస్ లేదా అరుబా లాంటి చోట రోడ్డెక్కితే ఊళ్లుంటాయి, అంగళ్లుంటాయి, చూడాల్సిన ప్రదేశాలుంటాయి. సగం రోజులు బయట తిరిగే కుటుంబం అక్కడ మూడు పూటల భోజనానికి ముందే డబ్బు కట్టడం దండగ. హాఫ్ బోర్డ్ చాలు.

ఆల్ ఇన్‌క్లూజివ్ అని ఉన్నా మరికొన్ని వివరాలు అడగాలి. బఫే కాకుండా విడిగా ఉండే ప్రత్యేక భోజనశాలల్లో ఎన్నిసార్లు తినవచ్చు? గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉన్నవి ధరలో కలిసినవేనా? కయాక్ (తెడ్డు వేసే చిన్న పడవ), నిలబడి తెడ్డు వేసే పలక లాంటి ఇంజను లేని నీటి ఆటలు చాలాచోట్ల ఉచితం. జెట్ స్కీ, పారాసెయిలింగ్ లాంటి వాటికి దాదాపు అన్నిచోట్లా విడిగా కట్టాలి. గాలి సిలిండరుతో నీటి లోపలికి దిగే స్కూబా డైవింగూ అంతే.

‘ప్లస్ ప్లస్’ లెక్క

ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే అక్కడ ఆగండి. సర్వీస్ ఛార్జి, పన్ను ఇంకా కలపలేదని వాటి భావం. మాల్దీవులనే తీసుకుంటే, అక్కడ రిసార్టులు 10 శాతం సర్వీస్ ఛార్జి వేస్తాయి. పర్యాటక రంగం మీద జీఎస్టీ 2025 జులై నుంచి 17 శాతం. రెండూ కలిపి 27 శాతం అనుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే సర్వీస్ ఛార్జి కలిపిన మొత్తం మీద పన్ను వేస్తారు. 100 డాలర్లకు సర్వీస్ ఛార్జి కలిస్తే 110, దాని మీద 17 శాతం అంటే 18.70. మొత్తం 128.70 డాలర్లు. 3,000 డాలర్ల ప్యాకేజీ చివరికి 3,861 అవుతుంది.

ఇది కాక గ్రీన్ ట్యాక్స్ అనే పర్యావరణ పన్ను ఉంది. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు. ఎనిమిదేళ్ల బిడ్డకూ పెద్దలతో సమానంగా కట్టాల్సిందే. నలుగురు ఐదు రాత్రులు ఉంటే 240 డాలర్లు. కొన్ని రిసార్టులు దీన్ని ప్యాకేజీలోనే కలుపుతాయి, కొన్ని గది ఖాళీ చేసే రోజు వసూలు చేస్తాయి. మీ కాగితంలో దీనికి విడిగా ఒక వరుస కేటాయించండి.

విమానాశ్రయం నుంచి దీవికి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అందుకే కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

మాల్దీవుల్లో అంతర్జాతీయ విమానాలు ప్రధానంగా దిగేది రాజధాని మాలే పక్కనున్న వెలానా విమానాశ్రయంలో. అక్కడి నుంచి రిసార్టుకు స్పీడ్‌బోటులోనో, సీప్లేన్‌లోనో, లేదంటే దేశీయ విమానంలో వెళ్లి మళ్లీ పడవ ఎక్కో చేరాలి. దగ్గరి దీవులకు స్పీడ్‌బోటు వెళ్తుంది, చాలాచోట్ల రాత్రిపూట కూడా నడుస్తుంది. సీప్లేన్ పగలు మాత్రమే ఎగురుతుంది, ఎందుకంటే నీటి మీద దిగాలంటే పైలట్‌కు అలలు కళ్లకు కనబడాలి.

ఈ ఒక్క సంగతి చవక విమాన టికెట్‌ను ఖరీదైనదిగా మార్చేస్తుంది. మీ విమానం సాయంత్రం ఐదింటికి దిగిందనుకోండి. పాస్‌పోర్టు తనిఖీ, సామాను ముగించుకుని బయటికి వచ్చేసరికి ఆ రోజు సీప్లేన్లు అయిపోతాయి. నలుగురూ ఆ రాత్రి మాలేలోనో, పక్కనే ఉన్న హుల్హుమాలే దీవిలోనో గది తీసుకోవాలి. ఆ గదికి, భోజనానికి, టాక్సీకి విడిగా ఖర్చు. రిసార్టులో మొదటి రాత్రికి ముందే డబ్బు కట్టి ఉంటే అదీ పోయినట్టే. మధ్యాహ్నం మూడున్నర లోపు దిగే విమానం చూసుకోమని రిసార్టులు సాధారణంగా చెబుతాయి. టికెట్ కొనే ముందు రిసార్టును అడిగి ఆ గంట ఏదో రాయించుకోండి. తిరుగు ప్రయాణానికీ ఇదే సూత్రం. తెల్లవారుజామున బయల్దేరే అంతర్జాతీయ విమానాన్ని సీప్లేన్‌లో వచ్చి అందుకోలేరు.

సీప్లేన్ ఛార్జీ తలకింత అని ఉంటుంది. చాలా ప్యాకేజీల్లో అది కలిసి ఉండదు. కుటుంబం మొత్తానికి రానూపోనూ లెక్కిస్తే కొన్ని రాత్రుల గది అద్దెకు దగ్గరగా వచ్చినా ఆశ్చర్యం లేదు. సామాను మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు అన్నది అక్కడ సాధారణ పరిమితి. మీ అంతర్జాతీయ టికెట్ 30 కిలోలు అనుమతించినా ఈ చిన్న విమానం అనుమతించదు, అదనపు బరువుకు డబ్బు కట్టాలి. చంటిబిడ్డ బండి ఉన్నవారు దాన్నీ తూకంలో లెక్కపెట్టుకోవాలి.

పసిపిల్లలున్న కుటుంబాలకు నా సలహా సూటిగా చెబుతాను. మొదటిసారి వెళ్తున్నప్పుడు స్పీడ్‌బోటులో ముప్పావు గంట లోపు చేరగలిగే దీవినే చూడండి. దూరపు దీవుల అందం నిజమే. కానీ రాత్రంతా విమానంలో నిద్రలేని మూడేళ్ల బిడ్డను సీప్లేన్ వేచివుండే గదిలో మూడు గంటలు సముదాయించాల్సి వస్తే ఆ మొదటి రోజు కాస్తా ఎవరికీ దక్కదు.

పిల్లల వయసు

పన్నెండు నిండితే పెద్దవారి కింద లెక్కగట్టే రిసార్టులు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల పదిహేడు దాకా పిల్లల ధరే ఇస్తారు. దీనివల్ల వచ్చే తేడా ఒక్క భోజనం ధరతో ఆగదు. ‘ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు’ అన్న గదిలో పదమూడేళ్ల అమ్మాయి మూడో పెద్ద మనిషి అవుతుంది. ఆ గదిలో ముగ్గురు పెద్దలకు అనుమతి లేకపోతే రెండో గది తీసుకోవాలి. మొత్తం లెక్క అక్కడే తలకిందులవుతుంది. వయసును ఏ రోజుకు చూస్తారో కూడా అడగండి, బుకింగ్ రోజుకా, దిగే రోజుకా అని. నీటి మీద కట్టిన గదుల్లోకి చిన్నపిల్లలను అనుమతించని రిసార్టులున్నాయి. పెద్దలకు మాత్రమే అని నడిచేవీ ఉన్నాయి, కాబట్టి ఫొటోలు పిల్లలకు చూపించకముందే ఇది తేల్చుకోండి.

పిల్లల క్లబ్బు ఉందన్న మాట వినగానే తృప్తిపడకండి. చాలా క్లబ్బులు మూడు లేదా నాలుగేళ్లు నిండినవారినే తీసుకుంటాయి. అంతకంటే చిన్నవారికి ఆయాను గంటకింత ఇచ్చి పెట్టుకోవాలి. పెద్ద పిల్లలు స్కూబా నేర్చుకుంటామంటే, స్కూబా శిక్షణ ఇచ్చే పాడీ సంస్థ జూనియర్ ఓపెన్ వాటర్ కోర్సుకు కనీస వయసు పదేళ్లు. చాలాసార్లు నీటి లోతుల్లోకి దిగినవారు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. సీప్లేన్‌కూ ఇది వర్తిస్తుంది. అందుకే డైవింగ్‌ను బస మొదటి సగంలోనే ముగించడం మంచిది.

ఉత్తరం

పైవన్నీ రిసార్టుకు ఒకే ఉత్తరంలో అడగండి. ఫోనులో చెప్పిన మాట బిల్లు దగ్గర నిలవదు, జవాబు రాతపూర్వకంగా ఉండాలి. నమూనా ఇది:

‘మేము నలుగురం వస్తున్నాం. ఇద్దరు పెద్దలు, 13 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి. ఐదు రాత్రులు ఉంటాం. నలుగురినీ ఒకే గదిలో అనుమతిస్తారా? సర్వీస్ ఛార్జి, అన్ని పన్నులు, రానూపోనూ రవాణా కలిపి చివరి మొత్తం ఎంత? మా విమానం ఫలానా రోజు ఫలానా గంటకు దిగుతుంది. అదే రోజు దీవికి చేర్చగలరా? ఆల్ ఇన్‌క్లూజివ్ చివరి రోజు ఏ గంటకు ముగుస్తుంది? ధరలో కలిసినవాటి పూర్తి జాబితా పంపగలరు.’

చివరి రోజు గంట ఎందుకంటే, గదిని సాధారణంగా 11 లేదా 12 గంటలకు ఖాళీ చేయమంటారు. చాలాచోట్ల ప్యాకేజీ కూడా దాంతోనే ముగుస్తుంది. పడవ సాయంత్రం నాలుగింటికైతే ఆ మధ్యాహ్నం భోజనం బిల్లులో పడవచ్చు.

అభ్యాసం

మీకు నచ్చిన రెండు రిసార్టులు తీసుకోండి. ఒకటి స్పీడ్‌బోటులో చేరేది, రెండోది సీప్లేన్‌లో చేరేది. రెంటికీ ఒకే కాగితం మీద పక్కపక్కన గది, సర్వీస్ ఛార్జి, పన్నులు, గ్రీన్ ట్యాక్స్, రవాణా, దారిలో రాత్రి బస, ధరలో కలవని ఆటలు అని వరుసలు గీసి నింపండి. జవాబు రాని గడిని ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపవద్దు. ఖాళీలు రెండుకు మించితే ఆ రిసార్టుకు మళ్లీ రాయాలి.

వచ్చే పాఠంలో గది ఎంపిక, అంటే లోపలి తలుపుతో కలిసే జంట గదులకూ పక్కపక్క గదులకూ తేడా, నీటి అంచున పసిపిల్లల భద్రత. ఈ కాగితాన్ని దగ్గర పెట్టుకుని ఆ పాఠం మొదలుపెట్టండి.