గేమ్ గురించి రాసేటప్పుడు ఊతపదాలు వదిలి అసలు సంగతి చెప్పడం ఎలా

గేమ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ‘ఇమ్మర్సివ్‌గా ఉంది, గేమ్‌ప్లే అదిరింది’ అని రాసేస్తాం, కానీ అది చదివి కొనాలో వద్దో ఎవరికీ తేలదు. ముందు ఆ మాట తీసేసి, ఆడేటప్పుడు మీరు ఏం చేస్తున్నారో రాయండి.

సోల్స్‌లైక్, అంటే డార్క్ సోల్స్ లాంటి గేమ్ అనే మాట సంగతే చూడండి. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో చస్తే పోగేసిన సోల్స్ (బలం పెంచుకోవడానికి వాడే పాయింట్లు) అక్కడే పడిపోతాయి, మనం చివరిగా ఆగిన బాన్‌ఫైర్ అనే చెక్‌పాయింట్ దగ్గర లేస్తాం, మళ్లీ అంత దూరం వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో ఇంకోసారి చస్తే ఇక అవి పోయినట్టే. ఈ పద్ధతి ఉంటేనే ఆ పేరు వాడండి, కష్టంగా ఉన్న ప్రతిదానికీ తగిలించకండి. సెలెస్ట్ అనే గేమ్ కూడా చుక్కలు చూపిస్తుంది, కానీ చచ్చిన మరుక్షణం అదే స్క్రీన్‌లో మళ్లీ మొదలుపెట్టొచ్చు.

రోగ్‌లైక్, రోగ్‌లైట్‌లనీ కలిపేయొద్దు. 1980 నాటి రోగ్ అనే గేమ్‌లో చస్తే అంతా మొదటికే, అలాంటివి రోగ్‌లైక్‌లు. రోగ్‌లైట్ అయిన హేడీస్‌లో చచ్చినా, ఆడేటప్పుడు తెచ్చుకున్న డార్క్‌నెస్ అనే పాయింట్లతో అద్దం దగ్గర శాశ్వతంగా బలం పెంచుకోవచ్చు. కొనేవాళ్లకి ఈ తేడా చాలా ముఖ్యం.

‘కంట్రోల్స్ చెత్త’ అనిపిస్తే, బటన్ నొక్కాక దెబ్బ ఆలస్యంగా పడుతోందా, కెమెరా గోడలో ఇరుక్కుంటోందా, అది చెప్పండి. ‘ఆప్టిమైజేషన్ లేదు’ అంటే గ్రాఫిక్స్ కార్డు, సెట్టింగ్స్, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్య) ఎక్కడ పడిపోతోందో కూడా రాయండి. ‘లేజీ డెవలపర్లు’ మాత్రం అసలు వద్దు, ఎందుకంటే వాళ్లు ఎంత కష్టపడ్డారో మనం చూడలేదు, మనకి కనిపించింది బగ్ ఒక్కటే.